గాలి కోసం వదిలిన ఖాళీ

కరోనాకి ముందు ఏడాది తెనాలిలో ఒక అయిదంతస్తుల అపార్ట్‌మెంటుకి ప్లాన్ గీశాను. సివిల్ ఇంజనీరుగా నేను చేసినవాటిలో నాకు బాగా ఇష్టమైన పని అది. బిల్డింగు నడిమధ్యన షాఫ్ట్ పెట్టాను. అంటే కింద నుంచి పైదాకా ఆకాశం కనిపించే ఖాళీ. దక్షిణపు కిటికీల్లోంచి వచ్చిన గాలి ఇల్లంతా తిరిగి ఇందులోకి చేరుతుంది, వేడెక్కి పైకి పోతుంది. ఫ్యాను చాలు, ఏసీ అక్కర్లేదు. బిల్డరు గ్రీన్ బిల్డింగ్ అని బోర్డు రాయించాడు.

రెండో అంతస్తులో ఫ్లాటు కొన్నది కరుణమ్మ టీచరుగారు. రేపల్లెలో పనిచేసి రిటైరయ్యారు. భర్త జాన్‌గారికి పక్షవాతం, మాట పడిపోయింది. డాక్టరుకి దగ్గర్లో ఉండాలని తెనాలి వచ్చేశారు.

“ఆయనకి ఏసీ పడదండి. కాళ్లూ చేతులూ కొంకర్లు పోతాయి. ఈ గాలి ఎప్పుడూ ఇలాగే వస్తుందాండి?” అని అడిగారు, ఇల్లు చూడ్డానికొచ్చిన రోజు.

“వస్తుందండి టీచరుగారూ,” అన్నాను.

మొదటి వేసవులు బాగానే గడిచాయి. తర్వాత ఒక్కొక్కరూ ఏసీలు పెట్టించుకున్నారు. గదిలో వేడిని లాగి బయటికి కక్కే పెట్టెని అవుట్‌డోర్ యూనిట్ అంటాం. రోడ్డు వైపు పెడితే అందం పోతుందని అసోసియేషన్ ఒప్పుకోలేదు. అన్నీ షాఫ్ట్‌లోకే బిగించారు. పైగా పావురాలు చేరుతున్నాయని పైన రేకు కప్పారు. వేడి పోయే దారి కూడా మూసుకుపోయింది.

టీచరుగారు ఫోన్ చేస్తే వెళ్లాను. కిటికీ తెరిస్తే సెగ, మూస్తే ఉక్క. జాన్‌గారి వీపంతా చెమటకాయలు చితికి పుండ్లయ్యాయి. నన్ను చూసి ఆయన ఏదో చెప్పబోయారు. గొంతులోంచి గురక లాంటి శబ్దం వచ్చిందంతే.

అసోసియేషన్ మీటింగుకి వెళ్లి బతిమాలాను. “కనీసం రేకన్నా తీయించండి.”

“మా పిల్లలు మాత్రం ఈ ఎండల్లో ఎట్టా పడుకుంటారు సార్? ఆవిణ్ణీ ఒకటి పెట్టించుకోమనండి,” అన్నాడు ప్రెసిడెంటు. ఆయన అన్నదీ నిజమే. రేకు అలాగే ఉండిపోయింది.

మే నెలలో ఆవిడా పెట్టించుకున్నారు. యూనిట్‌కి చోటు చూడమని నన్నే పిలిచారు. మిగిలింది ఒక్కటే చోటు, షాఫ్ట్‌లో మూడో అంతస్తు వంటింటి కిటికీ కింద. అక్కడే బిగించారు.

తర్వాత ఒకరోజు నేనక్కడ ఉండగానే, ఆ పై ఇంట్లో అద్దెకుంటున్న అమ్మాయి చంటిబిడ్డని ఎత్తుకుని కిందికి వచ్చింది.

“పిన్నిగారూ, వంటింట్లో నిలబడలేకపోతున్నానండి. మీ పెట్టె ఎటైనా మార్పిస్తారా?”

“చోటు లేదమ్మా,” అన్నారు టీచరుగారు. తలుపు దగ్గరగా వేసి లోపలికెళ్లారు. దుప్పటి కింద వణుకుతున్న భర్త కాళ్లు ఒళ్లో పెట్టుకుని రుద్దుతూ కూర్చున్నారు.

ఈమధ్య బాపట్లలో ఒక బిల్డరు అలాంటి షాఫ్టే కావాలన్నాడు. గీయనన్నాను. గాలి ఎటు నుంచి వస్తుందో, ఎంత ఖాళీ వదలాలో నాకు తెలుసు. ఆ ఖాళీని ఎవరు కాపాడతారో తెలియదు. ఎండ ముదిరితే ఎవరి గదిలో వేడి వాళ్లు పక్కింటి మీద పోస్తారు. ఎంత మంచివాళ్లయినా అంతే.