పూలగుడ్డ కింద ఎర్రచుక్క

ఏడో తరగతిలో నేనూ లెక్కల పుస్తకమూ ఒకరినొకరు వదిలేసుకున్నాం. తర్వాత ఎర్రగుంట్లలో టీవీల అంగడి పెట్టాను. అమ్మేదీ నేనే, చెడిపోతే బాగుచేసేదీ నేనే. రెండువేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లయిన రోజులవి. వేసవిలో మధ్యాహ్నం మూడు గంటలసేపు కరెంటు తీసేసేవాళ్లు.

మా వీధిలో వరసకు మామ అయ్యే ఒకాయన ఉండేవాడు. సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు నింపీ నింపీ రొమ్ములో ఆయాసం తెచ్చుకున్నాడు. రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకోవాలి. ఎగశ్వాస వస్తే మందును ఆవిరి చేసే మిషను మూతికి పెట్టుకోవాలి. కోతలో కూడా అది నడవాలని నా దగ్గరే ఇన్వర్టరు కొన్నారు. ఒకరోజు కరెంటు రావడానికి ఇంకా అరగంట ఉందనగా ఆ ఇన్వర్టరు ఆగిపోయింది.

మరునాడు పొద్దున్నే అత్త అంగడికొచ్చింది.

"ఏమల్లుడా, ఇన్వర్టరు అమ్మినావా, ఉత్త డబ్బా అమ్మినావా?"

"డబ్బా ఊరికే ఇచ్చినా గదత్తా."

"నిన్న అరగంటసేపు గోడ పట్టుకోని కూచున్యాడు మీ మామ."

నవ్వు మింగి ఆమె వెంట నడిచాను. బ్యాటరీ బాగానే ఉంది. ఇన్వర్టరు కనెక్షను విప్పి పక్కన పెట్టి, ఇంట్లో అన్నీ ఆపమని చెప్పి, అత్తను మీటరు ముందు నిలబెట్టాను. లోపలి చక్రం నిండు చూలాలిలా మెల్లగా తిరుగుతూనే ఉంది.

"అన్నీ ఆపినా గదరా. ఎవురు తింటాండారు కరెంటు?"

టీవీ మీద అత్త కుట్టిన పూలగుడ్డ ఎత్తాను. కింద ఎర్రచుక్క, రిమోటుతో ఆపినా ఆరని దీపం. సీడీ ప్లేయరుకు ఇంకొకటి. స్టెబిలైజరు వెచ్చగా ఉంది. మూడూ నేను అమ్మినవే. "రిమోటు నొక్కితే చాలు మామా, లేసే పనే ల్యాదు" అని నేర్పిందీ నేనే. రోజూ కోత మొదలైనప్పటి నుంచీ ఈ ముగ్గురూ ఇన్వర్టరు కరెంటు తాగుతూ ఆయన ఊపిరిలో వాటా తింటున్నారు.

"టీవీని ఇన్వర్టరు నుంచి తీసేస్తా" అన్నాను.

మామ చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు... పాటలుంటే... ఆయాసం... మతికి రాదు."

సరే, మార్చాల్సింది టీవీనే. కర్నూలు హోల్‌సేల్ అంగట్లో ఒక్కో టీవీని విడి మీటరుకు తగిలించి, రిమోటుతో ఆపి, చక్రం చూస్తూ కూర్చున్నాను.

"ఏమప్పా, బొమ్మ చూడకుండా మీటరు చూస్తాండావే?" అన్నాడు ఆ అంగడి శెట్టి.

"బొమ్మ మా మామ చూస్తాడులే శెట్టీ."

చివరికి ఒక చిన్న టీవీ దొరికింది. రిమోటుతో ఆపితే చక్రం కదిలిందో లేదో తెలియదు, ముందున్న బటను నొక్కితే పూర్తిగా నిలిచిపోయింది. పెద్దది వెనక్కి తీసుకుని దాన్నిచ్చాను. ప్లేయరుకూ స్టెబిలైజరుకూ కలిపి మంచం పక్కనే, పడుకున్నా అందే ఎత్తులో ఒక స్విచ్చి పెట్టాను.

ఆ మధ్యాహ్నం కోత మూడు గంటలూ అక్కడే కూర్చున్నాను. అత్త గోడ గడియారం వంక, నేను ఇన్వర్టరు వంక. కిందటిసారి ఆగిన వేళ దాటింది. మిషను గురగురమంటూనే ఉంది. ఫ్యాను తిరిగి వేగమందుకుంది. కరెంటొచ్చింది. మామ మూతి మీది గొట్టం తీశాడు.

"ఇంత చిన్న టీవీ తెస్తివేమిరా, ఈరోయిను యాడుండాదో ఎతుక్కోవాల్సొస్తాండాది."

అంత పొడుగు మాట ఆగకుండా ఆయన అనడం, ఆ వేసవిలో అదే మొదటిసారి.