కొరియా ఆటలు చూసిన పెద్దమ్మ

మా పెద్దమ్మ ఇటీవల బర్మాలోని యాంగూన్ నగరంలో, బోటాటౌంగ్ పేటలోని మా ఇంట్లో, తన మంచం మీదనే కన్నుమూసింది. ఈ వార్తను బంధువులకు, పాఠక మిత్రులకు ఆలస్యంగా తెలియజేస్తున్నందుకు మన్నించవలసిందిగా కోరుతున్నాను. ఆలస్యం మరుపు వల్ల జరిగినది కాదు. తాను పోయిన సంగతి కొరియాలో ఉన్న మా అమ్మాయికి చేరనివ్వవద్దని పెద్దమ్మ మా దగ్గర మాట తీసుకున్నది. ఆ సంగతిని దాచి ఉంచవలసిన అవసరం ఇప్పుడు తీరిపోయింది కనుక రాయగలుగుతున్నాను. మా ఊరి పరిస్థితులు తెలిసినవారు, ఇందులో ఎవరి పేరూ ఎందుకు లేదో అర్థం చేసుకోగలరు.

ఆమె మా అమ్మకు అక్క. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రేవులో బస్తాలు మోయడానికి ఈ దేశం వచ్చాడు. నాకు ఊహ తెలిసేసరికి అమ్మ లేదు. నన్ను పెంచినది పెద్దమ్మే. పెళ్లయిన కొద్దికాలానికే భర్తను పోగొట్టుకున్న ఆమె, ఇళ్లలో వంటలు చేస్తూ వచ్చి, నడివయసులో కొరియా ఇంజనీర్లు ఉండే వసతిగృహంలో వంటమనిషిగా కుదిరింది. వాళ్లు ఆమెను ‘ఇమో’ అని పిలిచేవారు. తల్లి తోబుట్టువును వాళ్ల భాషలో అలా అంటారు. అన్నం వండిపెట్టే ఆడవాళ్లనూ ఆ వరసతోనే పిలుస్తారు.

“ఆళ్లకీ పెద్దమ్మనే, నీకూ పెద్దమ్మనే. దేశం మారినా నా నౌకరీ మారలేదురా,” అని నవ్వేది.

ఆ వసతిగృహంలోనే ఆమెకు ఆటల రుచి తగిలింది. సాయంత్రం పని ముగించుకుని వచ్చిన ఇంజనీర్లు, మనవాళ్లు క్రికెట్ చూసినంత శ్రద్ధగా, కంప్యూటర్ ఆటల పోటీలు టీవీలో చూసేవారు. ఆ దేశంలో అది పిల్లల కాలక్షేపం కాదు. ఆటగాళ్లకు జట్లు, జీతాలు, శిక్షకులు, ఉమ్మడి వసతులు ఉంటాయి. ఆ పోటీల కోసమే ప్రత్యేకంగా టీవీ ఛానెళ్లు నడిచేవి. తుది పోటీ అయితే వేలమంది టిక్కెట్లు కొనుక్కుని, పెద్ద హాలులో కూర్చుని, తెర మీద కదిలే చిన్న చిన్న సైన్యాలను చూసి కేకలు వేస్తారు. వ్యాఖ్యాతల గొంతులు బొంగురుపోతాయి. పెద్దమ్మ ఇవన్నీ చెబితే మా మెట్లమీద కూర్చునే ఆడవాళ్లు నమ్మేవారు కారు.

“కుర్రోళ్లు కుర్చీలో కూకుని మీటలు నొక్కితే దానికి చప్పట్లేటి పెద్దమ్మా?” అని కింది అంతస్తు ఒడియా ఇల్లాలు ఒకసారి ఎకసెక్కంగా అడిగింది.

“మరి నీ మొగుడు పుట్‌బాల్ సూత్తా ఇల్లు ఎగరగొడతాడు కదే, ఆడేటి తన్నుతున్నాడా? కుర్సీలోనే కదా కూకున్నాడు!”

మెట్లన్నీ నవ్వాయి. ఆ ఇల్లాలే తరువాత ఎన్నో పోటీలు మా ఇంట్లో చూసింది.

ఆ రోజులలో నేను పగలు రేవు గోదాములో గుమస్తాగా పనిచేస్తూ, సాయంత్రం తరగతులకు వెళ్లేవాణ్ణి. నడివయసుకు చేరువలో పట్టా పుచ్చుకున్నాను. దానిని నేటికీ గౌరవంగానే చెప్పుకుంటాను. పెద్దమ్మా నేనూ ఇంచుమించు ఒకే వేళకు ఇల్లు చేరేవాళ్లం. ఆమె అన్నం వడ్డిస్తూ, “ముందు నీ పాఠం సెప్పు. తరవాత నా ఆట సెప్తాను,” అనేది. నేను వాణిజ్య చట్టం చెప్పేవాణ్ణి. ఆమె ఎవరు ఎవరి కోటను ఎలా చుట్టుముట్టిందీ చెప్పేది. పప్పుగరిటె ఒక సైన్యం, మజ్జిగ గ్లాసు ఒక కొండ. నా పాఠం ఆమెకు ఎంత అర్థమయ్యేదో, ఆమె ఆట నాకూ అంతే. అయినా మేము ఇద్దరమూ ఒకరి మాట ఒకరం పూర్తిగా వినేవాళ్లం.

ఆమెకు ఒక ఆటగాడంటే అభిమానం. సన్నగా, మందపాటి కళ్లద్దాలతో ఉండేవాడు. ‘కళ్లద్దాల గుంటడు’ అని ఆమె పెట్టిన పేరు. అతడు ఓడిన రోజున కూర సరిగా ఉడికేది కాదు. అతడు ఓడే పద్ధతి మాత్రం ఆమెకు ఎంతో నచ్చేది. ఆ ఆటలో, ఓటమి తప్పదని తెలిసినప్పుడు, ఓడినవాడే ‘ఆట బాగుంది’ అనే అర్థంలో ‘జీజీ’ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు తెరమీద రాసి, మీటల మీది చేతులు తీస్తాడు. రాసేదాకా ఆట అయిపోయినట్టు కాదు. “ఓడిపోనానని ఆడే రాయాల. పక్కోడు సెప్తే ఒప్పుకోకూడదు,” అనేది. అక్కడి యువకులందరూ సైన్యంలో కొంతకాలం పనిచేయాలన్న నియమం ప్రకారం, మంచి ఊపు మీద ఉన్నప్పుడే అతడూ వెళ్లవలసివచ్చింది. పెద్దమ్మ బెంగపడింది. అతడు తిరిగి వచ్చి ఆడిన మొదటి పోటీకి అభిమానులు నిలబడి స్వాగతం పలకడం చూసి, తానూ లేచి నిలబడింది. తరువాత ఒక్కమాట అన్నది: “ఆ దేశపు పటాలం కూడా పిల్లల్ని తీసుకుపోతాది. కానీ తిరిగి పంపుతాది.”

మహమ్మారి వచ్చి ఇంజనీర్లు స్వదేశం వెళ్లిపోతూ తమ పెద్ద టీవీని ఆమెకు ఇచ్చి వెళ్లారు. ఇక ఆమె పని మా ఇంటి వంట, ఆ టీవీ. ఆ తరువాత దేశం సైన్యం చేతికి వెళ్లింది. వీధులు జనంతో నిండాయి, ఆపైన తుపాకుల శబ్దంతో ఖాళీ అయ్యాయి. ఫోన్లలో నెట్ ఆగిపోయింది. మా ఇంటికి తీగద్వారా వచ్చే నెట్ మాత్రం పగటిపూట మిగిలింది. కాలేజీ చదువుతున్న మా అమ్మాయి, తన స్నేహితురాళ్లతో కలిసి గుడ్డల మీద నినాదాలు రాసేది. నేనూ నా భార్యా కేకలేశాము, బతిమాలాము.  పెద్దమ్మ మాత్రం దానికి గట్టి చెప్పులు కొనిపెట్టింది.

ప్రతి రాత్రి ఎనిమిది గంటలకు ఊరంతా గిన్నెలు మోగించేది. ఇంట్లోని దుష్టశక్తిని తరమడానికి బర్మావాళ్లు పాటించే ఆచారం అది. ఆ రోజులలో దేనిని తరుముతున్నారో అందరికీ తెలుసు. పెద్దమ్మకు వేరొక అలవాటు ఉండేది. కొరియావాళ్లు గెలుపు సమయంలో చెంచాలతో బల్ల బాదడం చూసి, తన గుంటడు గెలిస్తే తానూ మూత మీద గరిటెతో బాదేది. ఒకనాడు, ఇంకా ఎండ చల్లారకుండానే, కళ్లద్దాల గుంటడు ఓడిపోతాడనుకున్న ఆట గెలిచాడు. పెద్దమ్మ ఒళ్లు మరచి, వరండాలోకి వెళ్లి అన్నం వండే దేకీసా మూత బాదింది.

ఎదుటి భవనంలో ఎవరో ఏదో జరిగిందనుకుని అందుకున్నారు. తరువాత పక్కది. నిమిషాలలో వీధి వీధంతా మోగింది. “ఏటయింది? పటాలపోళ్లు దిగిపోయారా?” అని ఒకరినొకరు అడుగుతూనే బాదుతున్నారు. పెద్దమ్మ గరిటె చేతబట్టుకుని నిశ్చేష్టురాలై నిలబడింది.

“ఓలమ్మ, నానేటి సేసాను?”

కొద్దిసేపటికే లారీ ఆగిన చప్పుడు వినబడింది. మొదట మోగించినది ఏ ఇల్లో ఎవరో చూసి చెప్పి ఉంటారు. బూట్లు మా మెట్లు ఎక్కసాగాయి. అప్పుడు మా అమ్మాయి గదిలో నుంచి వచ్చింది. మోచేతులదాకా ఎర్రరంగు. గుడ్డ పరుపు కింద దాచింది గాని, ఆ రంగు సబ్బుకు వదిలేది కాదు. నేను తలుపుకు గడియ వేయబోయాను. పెద్దమ్మ మాత్రం దానిని జబ్బ పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయి, కొరియావాళ్ల ఊరగాయ కోసం నానబెట్టిన క్యాబేజీ బేసిన్ ముందు కూర్చోబెట్టి, కారం ముద్ద అంతా అందులో కుమ్మరించింది.

“ముంచు. మోసేతులదాకా ముంచు. మంటెత్తినా తియ్యకు. కలుపు.”

ముగ్గురు వచ్చారు. వార్డు పెద్ద, ఇద్దరు సైనికులు. ఎందుకు మోగించావని అడిగారు. పెద్దమ్మ టీవీ చూపించి, “కొరియాలో మా గుంటడు గెలిచాడు,” అన్నది బర్మాలో.

“ఏం గెలిచాడు?”

“ఆట. ఇద్దరు ఆడతారు. నువ్వు కూర్చుంటే చెప్తాను. మొదట ఒక్క ఇల్లు కట్టుకుని, గని తవ్వుకుని...”

వార్డు పెద్ద విసుక్కున్నాడు. సైనికులలో చిన్నవాడు మాత్రం తెరమీద మళ్లీ చూపిస్తున్న గెలుపు ఘట్టాన్ని చూస్తూ ఉండిపోయాడు. రెండవవాడు వంటింట్లోకి తొంగిచూశాడు. మా అమ్మాయి తల వంచుకుని ఆకులకు కారం పూస్తున్నది. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. ఘాటుకు అతడూ దగ్గాడు.

“కావాలంటే డబ్బాలో పెట్టిస్తాను అబ్బాయీ,” అన్నది పెద్దమ్మ.

అతడు వద్దన్నాడు. పోతూ పోతూ వాళ్లు టీవీ ఎత్తుకుపోయారు, నెట్ తీగ కత్తిరించారు. పెద్దమ్మ అడ్డుపడలేదు. తలుపు మూసిన తరువాత ఆమె పిల్ల చేతులు కొబ్బరినూనెతో తుడుస్తూ కూర్చున్నది. అవి వాచిపోయాయి. “నా మూలాన్నే కదే,” అని ఒకేమాట మళ్లీ మళ్లీ అన్నది. పిల్ల ఏడుస్తూనే నవ్వింది: “మామ్మా, ఆడు నిజంగా గెలిచాడా, లేక ఊరికే బాదేశావా?”

అటుపైన ఆమె ఒక్క పోటీ కూడా చూడలేదు. మా ఇంటికి నెట్ మళ్లీ రావడానికి చాలాకాలం పట్టింది, వచ్చాక చూడమంటే కళ్లు నొప్పి అనేది. అయితే తలుపులు వేసుకుని బతికిన ఆ నెలలలో ఆమె ఒక పని పెట్టుకున్నది. మా అమ్మాయికి కొరియా భాష నేర్పడం. ఆమెకు చదవడం రాదు. వినికిడితో వచ్చిన భాష అది. వంటింటి మాటలు కొన్ని, మిగిలినవన్నీ ఆట వ్యాఖ్యాతల మాటలు. అక్షరాలు అమ్మాయి వేరే పుస్తకంలో నేర్చుకున్నది. ఇంటిలో ఉల్లిపాయ తరిగినా “అదిగో, ఎడమవైపు నుంచి దాడి!” అని కొరియా భాషలో కేక. కొరియాలో పనికి కూలీలను ఎంపికచేసే భాషా పరీక్షలో అమ్మాయి నెగ్గింది. ముఖాముఖిలో నీ గురించి చెప్పమంటే, కంగారులో గొంతు పెంచి వ్యాఖ్యాతలా మొదలుపెట్టిందట. అవతల కూర్చున్న కొరియా అధికారి పొట్ట పట్టుకుని నవ్వాడట. ఆ నవ్వుతో అది మా ఇంటి నుంచి ఒక చేపల కర్మాగారానికి వెళ్లింది.

వెళ్లిన కొన్నాళ్లకు దాని స్నేహితురాళ్లు ఇద్దరిని సైనికులు పట్టుకున్నారు. ఇది తిరిగి వస్తే విమానాశ్రయం దాటి ఇంటికి చేరుతుందన్న నమ్మకం మాకు లేకపోయింది. సెలవు దొరికితే వస్తానని అది ఫోనులో అన్నప్పుడల్లా పెద్దమ్మ తిట్టేది. జబ్బుపడి, డాక్టరు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్న తరువాత, నన్నూ నా భార్యనూ దగ్గరకు పిలిచింది.

“ఒరే, నాను పోతే ఆ గుంటకి సెప్పకండి. సెప్తే వొచ్చేత్తాది. దాని సంగతి నాకు తెల్సు. పని కుదురుకున్నాక, మనసు గట్టిపడ్డాక సెప్పండి. పడుకుందనండి. ముసిల్దాన్ని, ఎప్పుడూ పడుకునే ఉంటాను కదా.”

మాట ఇచ్చాను. ఆమె వెళ్లిపోయింది. కొద్దిమందిమే వెళ్లి దహనం చేసి వచ్చాము. ఫేస్‌బుక్‌లో ఎవరూ ఏమీ పెట్టవద్దని ఇంటింటికీ వెళ్లి చెప్పాను. కింది అంతస్తు ఇల్లాలు నోరు కుట్టుకున్నట్టు కాపాడింది.

కర్మలు ఇంకా పూర్తికాలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మాయి వీడియోలో పిలిచింది. వెనుక సముద్రపు హోరులా జనం. తోటిపనివాళ్లతో కలిసి తుది పోటీ చూడడానికి నగరం వచ్చానని, టిక్కెట్టు దొరకడం అదృష్టమని, ఊపిరి అందకుండా చెబుతున్నది.

“నాన్నా, మామ్మని లేపు! ఇప్పుడే స్టార్ట్ అవుతాది. లైవ్‌లో సూపిస్తాను. ఇన్నాళ్లూ టీవీలోనే సూసింది కదా!”

“పడుకున్నదమ్మా.”

“అయితే ఫోన్ మంచం దగ్గర పెట్టు. చప్పుడుకి తనే లేస్తాది.”

పెద్దమ్మ గదిలోకి వెళ్లి, ఫోనును కిటికీ గట్టుకు ఆనించి మంచం వైపు తిప్పాను. అది ఎటు చూస్తున్నదో నేను ఆలోచించలేదు. మన ఇళ్లలో ప్రాణం పోయిన చోట కర్మలు ముగిసేదాకా పెట్టే దీపం, పట్టపగలు, మంచం తలాపున నేలమీద వెలుగుతూ ఉన్నది.

అమ్మాయి ముఖం తెరకు దగ్గరగా వచ్చింది, ఆ దీపాన్నే చూస్తున్నది. తరువాత మెల్లగా వినిపించింది.

“నాన్నా, ఎప్పుడు?”

చెప్పాను. పెద్దమ్మ ఎందుకు చెప్పనివ్వలేదో కూడా చెప్పాను.  అంతలో అవతల హాలులో దీపాలు ఆర్పారు, జనం లేచి నిలబడ్డారు.

“రాను నాన్నా,” అన్నది. “రానులే. భయపడకండి.”

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. తన ముఖం పక్కకు తిప్పి, ఫోనును వేదిక వైపు మళ్లించి, చెయ్యి పైకెత్తి పట్టుకున్నది. ముందున్న తలల మీదుగా కనిపించేంత ఎత్తుకు. ఆట ముగిసేవరకు దించలేదు. మా పెద్దమ్మ గదిలో, కిటికీ గట్టు మీది ఆ చిన్న తెరలో, వేలమంది చేతులలోని రంగుదీపాలు వణుకుతూ ఉన్నాయి.