రిపీటర్‌కు పెండ్లిపత్రిక

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలమేమీ కాదు, అందరి చేతుల్లో ఫోన్లుండి ఎవరూ ఎవరితోనూ మాట్లాడని రోజుల్లోనే, ముక్కూ మొహం తెలియని వాళ్ళతో గాలిలో మాట్లాడాలన్న కోరిక నాకు పుట్టింది. కోరికలు ఎవరికైనా పుడతాయి. నేను దానికోసం హామ్ రేడియో పరీక్ష రాసి లైసెన్సు కూడా తెచ్చుకున్నాను. బీదర్‌లో మా ఇల్లు చిద్రి వైపు, పని కొల్హార్‌లో మామ లేత్ కార్ఖానాలో. (డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ చదివాను. మామకు ఆ సంగతి తెలుసు. అందుకే ఫ్యాను ఆగినప్పుడల్లా నన్నే పిలిచేవాడు.) అరచేతిలో ఇమిడే వాకీటాకీ పార్సిల్‌లో వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరారు. అమ్మ తిప్పితిప్పి చూసి, "సిమ్ము ఏడేస్తర్రా దీనికి?" అంది. సిమ్ము ఉండదన్నాను. బాపు కలగజేసుకుని, "ఫోనుండంగ మల్ల ఇదెందుకు?" అన్నాడు. ఈ ప్రశ్నకు రేడియో పిచ్చివాళ్ళెవరి దగ్గరా ఇప్పటికీ జవాబు లేదు. నేను పార్సిల్ అట్టపెట్టె మడతపెట్టసాగాను. బాపు దాన్ని నేరం ఒప్పుకోవడంగా తీసుకుని అక్కడికక్కడే తీర్పిచ్చాడు: "నాలుగు ఆదివారాలు సూస్త. ఒక్క మనిషన్న నీకు జవాబియ్యాలె. లేకుంటే దీన్ని వాపస్ పంపుడే."

అంత చిన్న రేడియోతో మాట్లాడితే మాట మహా అయితే నాలుగు వీధులు దాటుతుంది. అందుకే రిపీటర్ ఉంటుంది. ఎత్తైన చోట కూర్చుని, మనం చెప్పింది విని, అదే మాటను అదే క్షణంలో గట్టిగా ఊరంతా చెప్పే పెట్టె అది. (మా గల్లీలో ఈ పని చేసేవాళ్ళు అప్పటికే ముగ్గురుండేవారు, వాళ్ళకు లైసెన్సు లేదంతే.) ప్రతి ఆదివారం పొద్దున ఏడున్నరకు ఆ రిపీటర్ మీద హాజరు జరిగేది. హాజరు తీసుకునే ఆయన్ని అందరూ పెద్దసార్ అనేవారు. ఒక్కొక్కరూ తమ లైసెన్సు గుర్తు, అంటే కాల్‌సైన్, చెప్పి, వాన పడిందనో పడలేదనో రెండు ముక్కలు మాట్లాడి తప్పుకునేవారు. చివర్లో ఆయన, "ఇన్నూ యారాదరూ ఇద్దారా? ఔర్ కోయీ హై? ఇంకెవరన్న ఉన్నరా?" అని మూడు భాషల్లో అడిగేవాడు. మొదటి ఆదివారం నేను మిద్దె మీది నీళ్ళ ట్యాంకు ఎక్కి, బటన్ నొక్కి, నా గుర్తు, పేరు, పేట సవివరంగా చెప్పుకున్నాను. "ఎవరు లేరు. మంచిది," అని పెద్దసార్ ముగించాడు.

రెండో ఆదివారం గొంతు పెంచాను. కింద నుంచి పాలవాడు జవాబిచ్చాడు. బాపు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మూడో ఆదివారం ఇంట్లోవాళ్ళంతా మిద్దె ఎక్కారు. మళ్ళీ అదే "మంచిది." అమ్మ మొహం ఎర్రబడింది. "నువ్వు లేవని సంబురపడుతుండురా ఆయన!" ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ణి గనక, తప్పు నా రేడియోలో ఉండొచ్చన్న అనుమానం నాకు రాలేదు. వాళ్ళ మాటలు నాకు గంట కొట్టినట్టు వినపడుతున్నాయి. నా మాట వాళ్ళకు వినపడలేదంటే, వాళ్ళు వినదలచుకోలేదన్నమాట.

మావైపు ఒక మనిషి మాట మానేశాడంటే కారణం వెతుక్కోనక్కరలేదు. పెండ్లికి పిలిచి ఉండరు. "పెద్దదాని పెండ్లికి ఆయనకు పత్రిక ఇచ్చినమా?" అని అమ్మ నిలదీసింది. "ఆయనెవరో మనకు తెల్వనే తెల్వదు కదక్కా," అన్నాడు మామ. "తెల్వకుంటే ఇయ్యరా? గదే తప్పు." అక్క పెండ్లయి అప్పటికి రెండేళ్ళు. దాని కొడుకు నడుస్తున్నాడు. మిగిలిపోయిన పత్రికలు అటక మీద చీమలమందు పక్కన దొరికాయి. అమ్మ ఒకదానికి నాలుగు మూలలా పసుపు రాసింది. చదువుకున్నవాడిగా నేను అభ్యంతరం చెప్పవలసింది. చెప్పలేదు, పసుపు గిన్నె పట్టుకుని నిలబడింది నేనే.

శనివారం సాయంత్రం బాపు, మామ, నేను ఆటోలో బయల్దేరాం. హాజరులో పెద్దసార్ చెప్పే పేటకు పోయి, యాంటెన్నా గొట్టం చూసి ఆయన ఇల్లు పట్టుకున్నాం. పెద్దసార్ కళ్ళజోడు పెట్టుకుని పత్రిక మొత్తం చదివాడు. "ఇది అయిపోయిన పెండ్లి కదా?" అన్నాడు.

"అయిపోయింది సార్," అన్నాడు మామ చేతులు కట్టుకుని. "మనుమడు సుత పుట్టిండు. అయితేంది, పిలుపు పిలుపే కదా. అప్పుడు పిలువలే, తప్పయింది. మనసుల పెట్టుకోకుండ్రి."

"నేనేం పెట్టుకున్న?"

"పిల్లగాడు మూడు వారాల సంది టాంకీ ఎక్కి ఒర్లుతుండు. మీరేమో ఎవరు లేరంటున్నరు. రేపు గూడ గట్లనే అంటే మా బావ రేడియో వాపస్ పంపుతడు సార్."

పెద్దసార్ నావైపు తిరిగాడు. "ఏం చదివినవ్ బాబూ?" చెప్పాను. "ఎలక్ట్రానిక్స్," అని ఆయన దాన్ని మరోసారి గట్టిగా పలికాడు, అచ్చం రిపీటర్ లాగే. తర్వాత నా రేడియో తీసుకుని రెండు మీటలు నొక్కి చూశాడు. "టోను పెట్టలే." మన మాటతో పాటు చెవికి అందని సన్నని ధ్వని ఒకటి పోవాలట; అది తలుపు తట్టడం లాంటిది, తట్టకపోతే రిపీటర్ తీయదు. ఆ ముక్క రేడియోతో వచ్చిన పుస్తకంలోనే ఉంది. నేను బ్యాటరీ ఎక్కించడం దాకా చదివాను. పెద్దసార్ టోను పెట్టి, టీ ఇప్పించి, పత్రికను జాగ్రత్తగా అల్మారాలో పెట్టాడు. ఆటోలో మామ బాపు తొడ మీద చరిచి, "సూసినవా బావా, పత్రిక చేతికి రాంగనే ఎట్ల కరిగిండో!" అన్నాడు. నేను సరిదిద్దలేదు. సరిదిద్దాలంటే పుస్తకం సంగతి చెప్పాలి.

నాలుగో ఆదివారం. "ఇంకెవరన్న ఉన్నరా?" బటన్ నొక్కాను, నా గుర్తు చెప్పాను, వదిలాను. బాపు మిద్దె మెట్ల మీద వాచీ చూసుకుంటున్నాడు. "ఉన్నవ్. మంచిగ వినొస్తున్నవ్. చెప్పు," అంది రేడియో. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బాపు మెట్లు దిగిపోయాడు. మా ఇంట్లో కేసు కొట్టేయడమంటే అదే. నేనేమో నెలంతా వినపడాలని కొట్టుకున్నానే గానీ, వినపడితే ఏం చెప్పాలో ఒక్కరోజూ అనుకోలేదు. ఊరంతా ఆగి ఎదురుచూస్తోంది. "నమస్కారం సార్. భోజనమైందా?" అన్నాను. పొద్దున ఎనిమిది కూడా కాలేదు. "ఇంక కాలేదు," అన్నాడు పెద్దసార్ గంభీరంగా. ఆ తర్వాత పదకొండు మంది వరసగా తమ తమ గుర్తులు చెప్పుకుని, తమకూ కాలేదని తెలియజేశారు.

ట్యాంకెక్కి గొంతు చించుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా. ఒక్క మనిషి వింటే చాలు, ఇక జీవితంలో కావలసిందేమీ ఉండదని వాడు నిజంగానే నమ్మాడు. ఇప్పుడు మిద్దె మీద నాకూ పెద్ద గొట్టముంది. వారం వారం నా వంతు వస్తుంది, అందరూ వింటారు. చెప్పవలసిన ఆ ముఖ్యమైన మాట మాత్రం ఇంకా తట్టలేదు. అయినా బటన్ నొక్కేముందు గొంతు సవరించుకుంటూనే ఉంటాను.