దేశాలకు బొట్టు పెట్టిన మామయ్యగారు

పత్రికవారికీ, చదివేవారందరికీ నమస్కారం. నాది వంకర రాత. ఏడో తరగతితో బడి మానేశాను, తప్పులుంటే మన్నించండి. మా మామయ్యగారు పోయిన నెల కాలం చేశారు. తెనాలికి ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజుల్లో సెంటర్ పెట్టిన మనిషి. ఆయన గురించి నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

నేను రేపల్లె నుంచి కోడలిగా వచ్చేసరికే సెంటర్ మూతపడింది. ముందుగదిలో ఒక కంప్యూటరు, గోడకి ప్రపంచ పటం మిగిలాయి. పటం నిండా కుంకుమ బొట్లు. ఏ దేశం నుంచి మొదటిసారి మెయిల్ వస్తే ఆ దేశానికి బొట్టు పెట్టి, సెంటర్లో ఉన్నవాళ్ళందరికీ పటికబెల్లం పంచేవారట. అమెరికాకీ, సింగపూర్‌కీ, కువైట్‌కీ మొదట్లోనే పడ్డాయి. ఆఫ్రికా వైపు చాలాకాలం ఖాళీ.

"వెనకబడ్డ దేశాలు బాబాయ్ అవి" అని ఎవరైనా నవ్వితే ఆయన ఒప్పుకునేవారు కాదట. "మనకి మాత్రం నిన్నగాక మొన్నేగా వచ్చింది? వాళ్ళ వంతు ఇంకా అందలేదు, అంతే" అనేవారట.

ఆ రోజుల్లోనే బాపట్లలో చదువుకుంటున్న ఇథియోపియా విద్యార్థి ఒకతను ప్రతి ఆదివారం రైలెక్కి వచ్చేవాడు. వాళ్ళ దేశంలో నెట్ అప్పటికి రాజధానిలోనే ఉందట. పల్లెలో ఉండే అక్క రోజంతా బస్సులో వెళ్తే తప్ప జవాబు రాదు. ఆరు ఆదివారాలు ఊరికే తిరిగి వెళ్ళాడు. ఏడో ఆదివారం తెర మీద అక్క పేరు కనబడగానే లేచి మామయ్యగారిని అమాంతం ఎత్తుకున్నాడట. ఆ బొట్టు అతని చేతే పెట్టించి, మిగిలిన కుంకుమ పొట్లం కట్టి ఇచ్చారు.

మామయ్యగారు ఈ సంగతి చెప్పినప్పుడల్లా అత్తయ్యగారు, "దసరాకి నేను మోడెమ్‌కి పసుపు రాస్తే లైను కలవట్లేదని ఎంత గోల చేశారు! మీరు మాత్రం దేశదేశాలకీ కుంకుమ పెట్టొచ్చేం?" అని దెప్పేవారు.

నేను కంప్యూటరు ముట్టుకోవడానికే భయపడేదాన్ని. "నాకెందుకండీ మామయ్యగారూ, చదువు లేనిదాన్ని" అంటే, "ఇప్పుడు నీ వంతమ్మా. తప్పు కొడితే చెరిపెయ్, ఎవరు చూడొచ్చారు?" అనేవారు. పక్కన స్టూలు వేసుకుని ఏడాదిపాటు నేర్పారు. ఒక్కసారీ మౌసు నా చేతిలోంచి తీసుకోలేదు.

పెద్దకర్మ అయ్యాక ఆ ఇథియోపియా అన్నయ్యకి కబురు పంపాలనుకున్నాం. "నేను రాసేస్తాలే" అన్నారు మావారు. ఆ అన్నయ్యకి బాపట్లలో నేర్చుకున్న తెలుగు ఇంకా వచ్చు. పండగలకి తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపేవాడు. అప్పటిదాకా నేను సొంతంగా ఎవరికీ మెయిల్ పంపలేదు. మామయ్యగారు అన్నాళ్ళు నేర్పింది నిలుస్తుందా, వృథా అవుతుందా అన్నది ఆ పూటే తేలాలి.

"నేను రాస్తానండి" అన్నాను. వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చున్నాను.

గంటన్నర పట్టింది. ఎన్నిసార్లు చెరిపానో! పంపేసి, అన్నం వార్చి వచ్చేసరికి జవాబు.

"ఏంటి, అప్పుడే?" అన్నారు మావారు.

"చెల్లెమ్మా, నీ తెలుగు నా తెలుగు కంటే బాగుంది. పల్లెలో అక్కకి వెంటనే ఫోన్లో పంపాను. మా భాషలో చెబితే విని ఏడ్చింది" అని ఉంది. నేను పెద్దగా నవ్వాను, ఏడ్చాను కూడా. ఆ ఇంట్లో నా గొంతు అంత పైకి లేవడం అదే మొదటిసారి.

ఈ కాగితం చదివాక కాల్చెయ్యండి, నా రాత దాచుకోదగ్గది కాదు. ఇదంతా మెయిల్లో కూడా పంపుతున్నాను, అది ఉంచండి. ఆ అన్నయ్య పంపిన ఫొటో అందులోనే పెట్టాను. ఇథియోపియాలో ఒక ఇంటి గోడ, గోడ మీద ఇండియా పటం, తూర్పు తీరానికి దగ్గరగా, తెనాలి ఉండే చోట, ఆనాటి పొట్లంలోని కుంకుమతో పెట్టిన బొట్టు.