చిన్నమ్మ పథ్యం

పోయిన నెల ఒక మధ్యాహ్నం, నా దగ్గర చదువుకున్న పిల్లల వయసుండే ఒక డాక్టరమ్మ కంప్యూటర్ తెర మీద నా కడుపు స్కానింగ్ చూపిస్తూ, "పెద్దపేగు గోడకు అక్కడక్కడ చిన్న చిన్న తిత్తులున్నాయి ఆంటీ. మీ వయసులో చాలామందికి ఉంటాయి. భయపడేదేం లేదు. నీళ్ళు బాగా తాగండి, పీచుండే తిండి తినండి. ఎడమవైపు నొప్పి, జ్వరం వస్తే మాత్రం ఇంట్లో కూర్చోకుండా వెంటనే రండి" అంది. నేను తలూపి, లేవబోయి, మళ్ళీ కూర్చున్నాను. "గింజలు?" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. "వంకాయ గింజలు, టమాటా గింజలు, జామకాయ గింజలు. అన్నీ తీసేసి తినాలి కదా?" ఆ అమ్మాయి నవ్వింది. "అది పాత మాట ఆంటీ. గింజలు పోయి ఆ తిత్తుల్లో ఇరుక్కుంటాయని అప్పట్లో అనుకునేవాళ్ళు. అట్లా ఏం లేదని తేలిపోయింది. మీరు నిశ్చింతగా తినండి." బయటికి వచ్చి వరండాలో ఇనుప కుర్చీలో కూర్చుండిపోయాను. లోపల ఎవరిదో టోకెన్ నంబరు పిలుస్తున్నారు. నా కళ్ళకు మాత్రం ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో, చెంచా మొనతో వంకాయ ముక్కలో ఒక్కొక్క గింజా గీకి తీస్తున్న మా చిన్నమ్మ కనిపిస్తోంది. ఏడేళ్ళు గీకింది. అంతా వట్టిదే.

చిన్నమ్మ మా అమ్మకు ఆఖరి చెల్లెలు. కడప పక్క పల్లెలో పుట్టి, చర్చివాళ్ళ సాయంతో పదిహేడేళ్ళకే బెంగుళూరు వచ్చి నర్సు చదువు చదివి, ఇక్కడే ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ కేసులను ఉంచే వార్డులో స్టాఫ్ నర్సుగా స్థిరపడింది. పెళ్ళి మాట ఎత్తితే, "నాకు ఇప్పటికే నలభై మంచాలుండాయి, ఇంకో మంచం యాడ వేసేది" అనేది. తొంభైల నడుమ నేను బీఈడీ ముగించి చందాపురలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరినప్పుడు, జీతం చూసిన మా అమ్మ నన్ను నేరుగా చిన్నమ్మ దగ్గరికి పంపింది. హోసూరు రోడ్డు నుంచి లోపలికి, ఒక వఠారంలో ఆరు ఇళ్ళు. మాది చివరిది. రెండు గదులు, వాకిట్లో కరివేపాకు చెట్టు. పొద్దున ఏడింటికి నేను బస్సెక్కేటప్పటికి ఆమె డ్యూటీకి పోయి ఉండేది, లేదా డ్యూటీ నుంచి వచ్చి ఇస్త్రీ చీర మడత నలగకుండా కుర్చీలోనే కునుకు తీస్తూ ఉండేది.

నేను రాకముందు ఏడాదే ఆమెకు ఆ జబ్బు బయటపడింది. పొత్తికడుపులో ఎడమవైపు పోటు, జ్వరం. వాళ్ళ ఆసుపత్రి పెద్ద డాక్టరే చూసి డైవర్టిక్యులైటిస్ అని పేరు చెప్పాడట. పేగుకు తిత్తులు ఏర్పడతాయి, వాటిలో ఏదైనా వాచి చీము పడితే నొప్పి లేస్తుంది, మరీ ముదిరితే పగులుతుంది. ఆసారి మందులతో తగ్గింది. అప్పట్నుంచి చిన్నమ్మ తన కడుపును తన నలభై మంచాలకు తోడు ఇంకో మంచంలాగా చూసుకోవడం మొదలుపెట్టింది. వంటింటి తలుపు వెనక వార్డు చార్టు మాదిరి ఒక కాగితం అంటించింది. నొప్పి ఉన్న దినాల్లో వడగట్టిన బార్లీ నీళ్ళు, పెసరకట్టు, పలచటి మజ్జిగ తేట, అంతే. నొప్పి తగ్గినాక మెత్తగా పిసికిన అన్నం, బీరకాయ. వారం పోయినాక కొంచెం కొంచెంగా ఆకుకూర, రాగిసంగటి, పడుకోబోయే ముందు నీళ్ళల్లో ఇసబ్‌గోల్ పొట్టు. గింజ అనేది ఏ రోజూ ఇంట్లోకి రాకూడదు.

కారం పచ్చడి నూరుకుని సంగటి తిని పెరిగిన నాకు ఆ ఇల్లు మొదట్లో ఆసుపత్రిలాగే ఉండేది. గింజలు తీసిన వంకాయ ఒట్టి తోలై, పులుసులో తడిసిన గుడ్డపేలికలాగా తేలేది. ఆవాలు కూడా గింజలే కాబట్టి తాలింపులో అవి లేవు. నూనెలో ఇంగువ, కరివేపాకు మాత్రం వేసి, "చిటపట యాల పాపా, వాసన వస్తే చాలదా" అనేది. నేను స్కూల్లో తోటి టీచర్ల డబ్బాల్లోంచి మామిడికాయ ఊరగాయ దొంగతనంగా తినొచ్చేదాన్ని. ఆమె నా నోటి వాసన పట్టేసి, ఏమీ అనకుండా, నాకు కూడా ఒక గ్లాసు మజ్జిగ పెట్టేది. వఠారం ఓనరమ్మ కన్నడావిడ. ఆమె దగ్గర ప్రతి జబ్బుకూ ఒక ఆకు ఉండేది. "బాళెదిండు పల్య చేసినా సిస్టరమ్మా, తినండి, హొట్టె తంపుగా ఉంటాది" అని, కడుపుకు చలవంటూ, అరటి దూట కూర గిన్నెతో వచ్చేది. ఇంకో రోజు మెంతులు నానబెట్టి వడగట్టిన నీళ్ళు. ఇంకో రోజు కలబంద గుజ్జు. చిన్నమ్మ ప్రతిదాన్నీ పెద్ద డాక్టరు లాగా పట్టి చూసి, పీచెంత, చలవెంత అని అడిగి, సగం పుచ్చుకుని, సగం కరివేపాకు చెట్టుకు వేసేది. ఆ చెట్టు మాత్రం బ్రహ్మాండంగా పెరిగింది.

ఒక్క సంగతి మాత్రం నాకు అంతుపట్టేది కాదు. డ్యూటీ లేని మధ్యాహ్నాల్లో చిన్నమ్మ బార్లీ నీళ్ళు కాచి రెండు స్టీలు గ్లాసుల్లో పోసేది. ఒకటి తన చేతిలో, ఒకటి వాకిలి దగ్గరున్న ముక్కాలిపీట మీద. నేను నాలుగింటికి వచ్చేటప్పటికి ఆ గ్లాసు మీద మీగడలాగా పొర కట్టి ఉండేది. నాకోసమే అనుకుని, మొహం చిట్లించుకుంటూ గడగడా తాగేసేదాన్ని. ఒక సెలవు రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. ఆమె నా చేతికి ఒక గ్లాసు ఇచ్చి, తను ఒకటి తీసుకుని, మూడోది పీట మీద పెట్టింది. "అదెవరికి చిన్నమ్మా?" అన్నాను. ఆమె పీట వైపు చూసి, "ఉండనీలే" అంది. చిన్నమ్మను కొన్ని అడగగలం, కొన్ని అడగలేం.  ఆ తర్వాత పీట మీది గ్లాసు ముట్టుకోలేదు.

ఆరేళ్ళు ఆ తిత్తులు పెద్దగా కదల్లేదు. "పడుకోనుండాయి, లేపొద్దు" అనేది చిన్నమ్మ. రెండువేలు దాటిన తర్వాత, ఒక వానాకాలం సోమవారం, అవి లేచాయి. ఆమె కడుపు పట్టుకుని మంచం మీద ఒరిగి, నన్ను ఫోను బూత్‌కు పంపి, ఊరికి పోతున్నానని వార్డుకు చెప్పించింది. "అట్ల యాల చిన్నమ్మా, నొప్పని చెప్పొచ్చు గదా" అంటే, "చెప్తే అందరూ ఈడికొస్తారు. మూడు దినాలు బార్లీ నీళ్ళు తాగితే అదే పోతాది" అంది. ముందు రెండు మూడుసార్లు వచ్చిన చిన్న నొప్పులు అట్లాగే పోయాయి కూడా. నేను నమ్మాను. పొద్దునా సాయంత్రం ఆమే నోట్లో థర్మామీటరు పెట్టుకుని, చూసుకుని, అంకె చెప్పేది. నేను తలుపు వెనక చార్టులో రాసేదాన్ని. తొంభై తొమ్మిది. మళ్ళీ తొంభై తొమ్మిది. మంగళవారం సాయంత్రం ఓనరమ్మ తొంగి చూసి నన్ను పక్కకు పిలిచి, "ముఖం సరిగా లేదు పాపా, డాక్టరికి తోర్సండి" అంది, చూపించమని. "ఆమే నర్సు కదా ఆంటీ, ఆమెకు తెలీదా" అన్నాను. కొంచెం విసుగ్గానే అన్నాను.

బుధవారం ఏదో బంద్. పదింటికే స్కూలు వదిలేశారు. దొరికినంత దూరం ఒక లారీలో, మిగతాది నడిచి ఇల్లు చేరాను. తలుపు ఓరగా ఉంది. చిన్నమ్మ మంచం మీద కూర్చుని థర్మామీటరు వెలుతురుకు ఎత్తి చూస్తోంది. చూసి, వార్డులో నర్సులు చేసినట్టు మణికట్టుతో టక్‌టక్‌మని విదిలించింది. పాదరసం దిగిందో లేదో చూసి, ఇంకోసారి విదిలించింది. సాయంత్రం వచ్చి నేను చూస్తే తెలియకూడదని. నేను లోపలికి పోయి నుదుటి మీద చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టయింది. థర్మామీటరు లాక్కుని మళ్ళీ నోట్లో పెట్టించి, చేతికివ్వకుండా నేనే చూశాను. నూట మూడు దాటింది. కడుపు తాకబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి తీసి చూస్తే కడుపు చెక్కలాగా బిగుసుకుని ఉంది.

"లే, ఆసుపత్రికి పోదాం" అన్నాను. "వద్దు." "ఆపరేషనంటే భయమా?" దుప్పటి పైకి లాక్కుంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె రెండు చేతులూ పట్టుకుని, "నేనుండా గదా చిన్నమ్మా. నీకేం కాదు" అన్నాను.

ఆమె నన్ను చూడలేదు. నా భుజం మీదుగా వాకిలి దగ్గరి పీటను చూసింది. "ఆ మాట యాడ నేర్చుకుంటివి పాపా" అంది మెల్లిగా. అప్పుడు చెప్పింది. తనకు జబ్బు రావడానికి రెండేళ్ళ ముందు దేవనహళ్ళి పక్కనుంచి వార్డుకు ఒకామెను తీసుకొచ్చారట, పూలు కట్టి అమ్ముకునే మనిషి, తెలుగామే. ఇదే జబ్బు. ఆపరేషన్ వద్దని మొండికేసి, మంచం కమ్మీ పట్టుకుని వదల్లేదట. డాక్టర్లు, మొగుడు, ఎవరు చెప్పినా వినలేదు. "నేను పోయి చెయ్యి పట్టుకుంటి. నేనుండా గదా, నీకేం కాదు అంటి. వెంటనే కమ్మీ వదిలేసె. నా మొహం చూసి వేలిముద్ర వేసె. నాలుగో దినం పాయె." ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. "మొగుడు గలాటా చేసింటే బాగుండు. చెయ్యలేదు. చేతులు జోడించి, మీరుండారు గదా అనుకుంటిమి సిస్టర్, అనె. అంతే. పోయె. నాకు ఈ జబ్బని చెప్పిన దినం నుంచి ఆమె వచ్చి ఆడ కూర్చోనుంటాది. ఏమీ అడగదు. ఆమెను పంపించిన టేబుల్ మీదికి నేను పోయి, బతికి లేచొస్తే, ఆమెకు ఏం మొహం చూపించేది?"

  నేను లేచి ఓనరమ్మను కేకేశాను. ఓనరు తమ్ముడికి పాలు వేసే వ్యాను ఉండేది. బంద్ అయినా పాల వ్యాను కాబట్టి ఆపలేదు. ఖాళీ పాల క్రేట్ల నడుమ దుప్పటి పరిచి చిన్నమ్మను పడుకోబెట్టి, ఆమె వార్డుకే తీసుకుపోయాం. ఊరికి పోయిందనుకున్న మనిషి ట్రాలీ మీద రావడం చూసి అక్కడి నర్సులు నిలబడిపోయారు. పేగు పగిలి ఉంది. ఆ మధ్యాహ్నమే కోశారు. ఆపరేషన్ చేసిన డాక్టరు బయటికి వచ్చి, నన్ను తిట్టకుండా, నేల చూస్తూ, "రెండు రోజులు ముందొచ్చుంటే మందులతోనే తగ్గేదేమో" అన్నాడు. చార్టులో నా చేత్తో రాసిన అంకెలు గుర్తొచ్చాయి.

మర్నాడు ఆమెకు తెలివి వచ్చింది. మలం పోవడానికి కడుపు పక్కన పెట్టిన సంచిని తడిమి చూసి, దుప్పటి మూల సరిగా మడవలేదని ఒక కొత్త నర్సును కోప్పడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సాయంత్రం డ్యూటీలో ఉన్నది చిన్నమ్మ దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి. ఆమెను పిలిచి, "కేస్ షీట్ తీయి, రాసుకో" అంది. "మొదటి దినం నుంచి జ్వరం నూట రెండు పైనే. పేషెంటు థర్మామీటరు విదిలించి తక్కువ చెప్పింది. ఇంట్లోవాళ్ళకు తెలీదు." ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుని, "ఇప్పుడు అవన్నీ ఎందుకు సిస్టర్" అంది. "రాయి మే" అంది చిన్నమ్మ, వార్డులో మాట్లాడే గొంతుతో. "రాయకపోతే ఈ పాప మోసుకుంటాది." నా ఎదురుగానే రాయించింది. చదివించుకుని విని కళ్ళు మూసుకుంది. ఆరో రోజు పొద్దున, డాక్టర్లు రౌండ్సుకు వచ్చే వేళకు, చీము విషం రక్తంలోకి పాకి చిన్నమ్మ పోయింది. ఆమెకు నలభై తొమ్మిదేళ్ళు.

మట్టి చేసి వచ్చాక మా అమ్మ నన్ను ఊరికి వచ్చేయమంది. నేను పోలేదు. ఇంకో రెండేళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నాను. చార్టు చించేశాను గానీ తలుపు మీద జిగురు మరక ఉండిపోయింది. రోజూ స్కూలు నుంచి వచ్చి తాళం తీసేటప్పుడు ముందు నా చూపు పీట మీదికే పోయేది. ఒక్కరు ఉంటారని కాదు, ఇద్దరు ఉంటారేమోనని. ఎవరూ ఉండేవాళ్ళు కాదు. అయినా చూడకుండా లోపలికి అడుగుపెట్టిన రోజు లేదు.

ఆమె అంత పట్టుబట్టి రాయించిన ఆ నాలుగు మాటలు ఏదో ఆసుపత్రి గదిలో కాగితాల కట్టలో చెదలు తినేసి ఉంటాయి. అవి నన్ను విడిపించాయా అంటే ఏం చెప్పను. చాలా ఏళ్ళ తర్వాత నా భర్త గుండె ఆపరేషన్‌కు లోపలికి పోతూ నా చెయ్యి పట్టుకుని ఒక మాట కోసం చూశాడు. ఏం కాదు అనలేకపోయాను. "ఇక్కడే కూర్చోనుంటా" అని మాత్రం అన్నాను. ఆయన లేచి వచ్చాక కూడా, ఎందుకు అనలేదో ఆయనకు చెప్పలేదు.

నాకిప్పుడు యాభై మూడు. చిన్నమ్మ అని పిలుస్తున్నాను గానీ, ఆమె నాకంటే నాలుగేళ్ళు చిన్నది అయిపోయింది, ఏటేటా ఇంకా చిన్నదవుతూ పోతుంది. సోమవారం, మంగళవారం, బుధవారం, ఆ మూడు దినాలు మాత్రం నాతోపాటు ముసలివి కావడం లేదు.