రేపల్లెలో ఏరియల్ నిలబెట్టి వచ్చిన రోజు

ఉదయం అయిదున్నరకు బాపట్లలో పాసింజరు ఎక్కినప్పుడు నా దగ్గర ఒక సంచీ, ఒక వైర్‌లెస్ సెట్టు, నాకంటే పొడవైన అల్యూమినియం గొట్టాల కట్ట ఉన్నాయి. కిందటి ఏడాది తుఫానుకు టెలిఫోను స్తంభాలు పడిపోయి, మా ఆసుపత్రుల మధ్య కబురు అందక చాలా ఇబ్బంది పడ్డాం. అందుకని ఈ డెబ్బైల చివర్లో మాకు వైర్‌లెస్ వచ్చింది. బాపట్ల మాట నేరుగా రేపల్లెకు చేరదు. మధ్యలో ఆ మాటను అందుకుని బలంగా అవతలికి పంపే రిపీటరును తెనాలిలో ఎత్తయిన నీళ్ళ ట్యాంకు మీద క్రితం వారమే బిగించాను. ఇక రేపల్లెలో ఈ గొట్టాలతో ఏరియల్ నిలబెట్టడమే మిగిలింది.

నిజం చెప్పాలంటే నా తొందర పని మీద కాదు. నా భార్య సుగుణ రేపల్లె ఆసుపత్రిలో నర్సు. పెళ్ళయి రెండేళ్ళయినా మేం కలిసి ఉన్న నెలలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆమెను బాపట్లకు బదిలీ చేసే కాగితం అక్కడి డాక్టరమ్మగారి బల్ల మీద ఉంది. సంతకం ఒక్కటే తరువాయి.

ఏడింటికి తెనాలి. రేపల్లె వెళ్ళేవారు టిఫిన్ ఇక్కడే కానివ్వాలి, ఆ బ్రాంచి బండిలో వేరుశనక్కాయలు తప్ప ఏమీ దొరకవు. ఎనిమిదింటి బండిలో గొట్టాలను పై బల్ల మీదికి చేర్చి కూర్చున్నాను. ఎదురుగా ఉన్న ధాన్యం వ్యాపారి, "ఏంటి బాబూ, పందిరి గుంజలా? పెళ్ళెవరిది?" అన్నాడు.

"పెళ్ళయిపోయిందండి. ఇవి కాపురానికి," అన్నాను. ఆయన అర్థం కాకపోయినా నవ్వాడు. దారి పొడవునా పచ్చటి వరిచేలు, మధ్యమధ్య రైసు మిల్లుల పొగ గొట్టాలు.

తొమ్మిదిన్నరకు రేపల్లెలో దిగి రిక్షా కట్టించుకున్నాను. ఆసుపత్రి డాబా మీద ఏరియల్ నిలబెట్టి, తీగ కిందికి దించి సెట్టుకు తగిలించేసరికి రెండయింది. సుగుణ క్యారియర్ విప్పి పప్పు, గోంగూర వడ్డించింది. నాలుగింటి బండికి ముందు నాకు ఒక గంట మిగిలింది. కాంపౌండరుకీ, ఇద్దరు నర్సులకీ సెట్టు వాడటం నేర్పాల్సిన గంట అది. ఆమె వేలి మీద నా వేలు పెట్టి మీట నొక్కిస్తూ గంటంతా ఆమెకే నేర్పాను.

"నొక్కి, మనసులో ఒకటి, రెండు అనుకుని అప్పుడు మాట్లాడు. రిపీటరు అందుకోవడానికి ఆ పాటి టైము కావాలి. లేకపోతే మొదటి మాట పోతుంది."

"కాంపౌండరు గారికి కూడా చెప్పండి మరి."

"చెప్తాలే," అన్నాను. చెప్పలేదు.

అయిదు దాటాక తెనాలిలో ట్యాంకు కింద నిలబడి, సంచీలోంచి చిన్న చేతి సెట్టు తీసి పరీక్ష మొదలుపెట్టాను. బాపట్ల ఆఫీసులోనూ వింటున్నారు. ముందు కాంపౌండరు, మీట నొక్కీ నొక్కగానే మాట్లాడేశాడు. మన వైపు బాబుగారూ అని పిలవనిదే ఎవరూ మాట ఎత్తరు. పిలుపుతో పాటు ఊరి పేరూ పోయి, మాట్లాడేదెవరో బాపట్లకు తెలియలేదు. రెండో నర్సు సంగతీ అంతే. చివరికి సుగుణ, "రేపల్లె నుంచి మాట్లాడుతున్నాను. బాపట్ల, తెనాలి, వినపడుతోందాండి?" అంది. ఒక్క అక్షరం పోలేదు. బాపట్ల ఆఫీసరు గారు శభాష్ అన్నారు. నా ఛాతీ పొంగింది.

తర్వాత డాక్టరమ్మ గొంతు వినిపించింది. "తుఫాన్ల రోజులు వస్తున్నాయండి. ఇంకొకరికి చేతనయ్యేదాకా సెట్టు సుగుణే చూసుకోవాలి. బదిలీ కాగితం నా దగ్గరే ఉంచుతున్నాను."

"అలాగే కానివ్వండి," అన్నారు ఆఫీసరు.

సెట్టులో సొంత మాటలు మాట్లాడకూడదని రూలు. "రేపల్లె, ఇంకేమైనా ఉందా?" అని మాత్రం అడిగాను.

"ఏమీ లేదండి," అంది సుగుణ. ఆ తర్వాత కూడా మీట వదల్లేదు, సెట్టులో ఆసుపత్రి చప్పుళ్ళు వినిపిస్తూనే ఉన్నాయి. ఆమె వదిలితేగాని నేను మాట్లాడలేను. వదలకపోతేనే బాగుండుననిపించింది.

ఆరున్నర బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. రేపల్లె ప్రయాణం సుఖమైనదే, పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఆ గంటలో కాంపౌండరు చేత నాలుగుసార్లు మీట నొక్కించి ఉంటే మేమిద్దరం ఒకింట్లో ఉండేవాళ్ళం. నా ఆశే నా కొంప ముంచింది. రేపు ఎనిమిదింటికి సుగుణ గొంతు బాపట్లలో స్పష్టంగా వినిపిస్తుంది. సెలైన్ సీసాలు ఎన్ని కావాలో చెబుతుంది. నేను రాసుకుంటాను. ఆమె రేపల్లెలోనే ఉంటుంది.