దిండులో దొరికిన తావీజు

ఆ రోజుల్లో నాకు ఎవరి మీదైనా అనుమానం పుట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పాలాయన నవ్వితే నీళ్లు కలిపాడనీ, నవ్వకపోతే ఇంకాసిని ఎక్కువ కలిపాడనీ అనుకునే వయసు. మనుబోలులో పుట్టి, గూడూరులో డిగ్రీ చదివి (హిందీ ఒక్కటే రెండోసారి రాశాను, అది లెక్కలోకి రాదు), పెళ్లి చేసుకుని పులికాట్ సరస్సు పక్కనున్న అత్తగారి ఊరికి వచ్చాను. ఇంట్లో ముగ్గురమే. మా ఆయన రొయ్యల మేత అమ్మే కంపెనీలో పనిచేస్తూ పొద్దస్తమానం బైకు మీద గుంటల చుట్టూ తిరిగేవారు. మామగారు పోయాక మా ఆయన్ని ఒంటిచేత్తో పెంచింది మా అత్తమ్మ. ఆమె తక్కువ మాట్లాడేది. తక్కువ మాట్లాడేవాళ్ల మనసులో ఏముందో మనమే ఊహించుకోవాలి కదా! ఆ పని నేను చాలా శ్రద్ధగా చేసేదాన్ని.

ఒకరోజు దిండు గలీబు ఉతుకుదామని తీస్తుంటే దూదిలో ఏదో గట్టిగా చేతికి తగిలింది. కుట్టు విప్పి చూద్దును కదా, నల్లదారం చుట్టిన రాగి తావీజు, అదే, తాయెత్తు. రెండు వైపులా లక్కతో మూసి ఉంది. మా నాయన తావీజు మాటెత్తితే మండిపడే మనిషి. అల్లా మీద పెట్టుకోవాల్సిన నమ్మకాన్ని రాగి గొట్టం మీద పెట్టుకోవడం షిర్క్ అనీ, అంటే దేవుడికి ఇంకొకదాన్ని సాటి తేవడమేననీ, అంతకు మించిన పాపం లేదనీ మాకు చిన్నప్పుడే నూరిపోశారు. ఎవరో చుట్టాలు మా చెల్లెలి మెడలో దిష్టికని ఒకటి కడితే, వాళ్ల ఎదుటే కత్తెర తెప్పించి తెంపేశారు. కాబట్టి తావీజుకి ఏ శక్తీ లేదన్న సంగతి నాకు ఖాయంగా తెలుసు. తెలిసి కూడా గబుక్కున కింద పడేశాను. దానివల్ల మేలు జరగదని నమ్మినంత సులువుగా, కీడు జరగదని నమ్మలేకపోయాను.

పెట్టింది ఎవరన్న దాంట్లో మాత్రం నాకు అనుమానమే లేదు. పొద్దున్నే అత్తమ్మ "బాగా నిద్ర పట్టిందా?" అని ఎందుకు అడుగుతుందో ఇప్పుడు తెలిసింది. నా కంచంలో నెయ్యి ఎందుకు ఎక్కువ పోస్తుందో, చేపల పులుసులో తలకాయ ముక్క తను తినకుండా నాకే ఎందుకు వేస్తుందో, అన్నీ వరసగా అర్థమైపోయాయి. పెరట్లోకి పోయి మా అమ్మకి ఫోన్ చేశాను. కాస్త ధైర్యం చెబుతుందనుకుంటే, "అయ్యో బిడ్డా, దాన్ని ఉత్త చేత్తో పట్టుకున్నావా ఏందే?" అని మొదలుపెట్టి, "మీ నాయనకి చెప్పబాక. నువ్వు గమ్మునుండి ఆమె ఏం చేస్తుందో కనిపెట్టు," అంది.

కనిపెట్టాను. కనిపెట్టిన కొద్దీ భయం పెరిగింది. అదే వారంలో అత్తమ్మ కూడా మారిపోయింది. నేను టీ ఇస్తే గ్లాసులోకి తేరిపార చూసేది. నేను అటు తిరగ్గానే గ్లాసులు మార్చేది. ఆమె మార్చిందని తెలిసి నేను మళ్లీ మార్చేదాన్ని. ఇలా మార్చుకుంటూ పోతే చివరికి ఎవరి టీ ఎవరు తాగామో ఇద్దరికీ తెలిసేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం రొయ్యల ఇగురు ముందు పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం.

"తిను అమ్మాయ్," అంది అత్తమ్మ.

"మీరు మొదలుపెట్టండి అత్తమ్మా."

"నాకు ఆకలిగా లేదు. నువ్వు తిను."

"నాకూ లేదు."

ఇద్దరి కడుపుల్లో చప్పుళ్లు ఇద్దరికీ వినబడుతున్నాయి. అంతలో మా ఆయన వచ్చి చేతులు కడుక్కుని, గిన్నె దగ్గరికి లాక్కుని, "మీరిద్దరూ ఒక్క మాట గూడా అనుకోకుండా ఎంత చక్కగా ఉండారో! ఇల్లంటే ఇట్టుండాల," అంటూ అంతా ఖాళీ చేశారు. ఆ నెల ఆయన ఒళ్లు చేశారు. మేమిద్దరం చిక్కిపోయాం.

ఇక అక్కడ ఉండటం నావల్ల కాదనిపించింది. అన్నయ్యని వచ్చి తీసుకుపొమ్మన్నాను, బట్టలు కూడా సర్దేశాను. పెళ్లయి ఏడాది తిరక్కుండానే పుట్టింటికి పోతే ఊళ్లో ఏమంటారో ఆలోచించే ఓపిక లేదు. కాకపోతే పోయేముందు చేతిలో రుజువు ఉండాలిగా. మసీదులో నమాజు చదివించే హజ్రత్ ఇల్లు మా వీధి చివరే. సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక తావీజుని చున్నీ కొంగున ముడేసుకుని బయలుదేరాను. ఆయన అరుగు మీద మా అత్తమ్మ కూర్చుని ఉంది. నన్ను చూడగానే గుప్పిట మూసింది. నేను కొంగు గట్టిగా పట్టుకున్నాను.

హజ్రత్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఆ గుప్పిట్లో ఏముందక్కా? ఆ కొంగులో ఏముందమ్మా?" అన్నారు.

తీసి చాపమీద పెట్టాం. అచ్చం ఒకేలాంటివి రెండు.

"నా దిండులో పెట్టింది ఈ పిల్లే హజ్రత్. నా కొడుకుని నాకాడ్నించి ఇడగొట్టాలని," అంది అత్తమ్మ.

"అల్లా మీద ఒట్టు, నేను కాదు! నా దిండులో పెట్టింది ఆమే, నన్ను ఇంట్లోంచి పంపించెయ్యాలని," అన్నాను. ఆమెకంటే ఒక మెట్టు గట్టిగానే.

ఆయన బిస్మిల్లా అని రెండూ విప్పారు. లోపల చిన్న కాగితాలు. వాటి మీద గళ్లు గీసి అంకెలు వేసి ఉన్నాయి, అంతే. "ఇందులో ఏముందో నాకే తెలవదు. రాసినోడికన్నా తెలుసునో లేదో," అన్నారు. "తావీజులు కట్టుకోబాకండని ప్రవక్త (ఆయనపై శాంతి కలుగుగాక) గట్టిగా చెప్పినారు. ఖురాన్ ఆయతులు, అంటే అందులో వాక్యాలు మాత్రమే రాసింది అయితే పర్లేదని కొందరు పెద్దలన్నారు, అదీ వద్దని శానామంది అన్నారు. ఇట్టాంటి అంకెలకైతే ఒప్పుకున్నోళ్లే లేరు. అయినా అక్కా, అల్లా మాట నోటితో చదువుకునేదానికి గానీ, గొట్టంలో పెట్టి దిండులో కుట్టేదానికా? ఖురాన్లో ఆయతుల్ కుర్సీ వాక్యం చదువుకోండి, చివరి చిన్న సూరాలు చదువుకోండి, ఆయన్నే అడగండి. కాపాడేది ఆయన." తర్వాత రెండు కాగితాలూ మడిచి పక్కన పెట్టి, "ఇంతకీ మీ ఇంట్లో మూడో మనిషి ఎవురు?" అన్నారు.

మేం మొదటిసారి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఫోన్ చేస్తే మా ఆయన మేత వాసనతో పరిగెత్తుకొచ్చారు. చాపమీద ఉన్నవి చూసి అరుగు మెట్ల దగ్గరే ఆగిపోయారు. "సూళ్లూరుపేటలో ఒకాయన ఇచ్చినాడు హజ్రత్. ఇద్దరి దిండ్లలో కుడితే అత్తాకోడళ్లు కొట్లాడుకోరంట," అన్నారు నేల చూపులు చూస్తూ.

"మేం ఎప్పుడు కొట్లాడినాం రా?" అంది అత్తమ్మ.

"ఇంకా కొట్లాడలా. ముందు జాగ్రత్తకి."

ఆ తర్వాత అత్తమ్మ ఆయన్ని ఒకవైపు నుంచి, నేను ఇంకోవైపు నుంచి అందుకున్నాం. ఆమె ఆగినచోట నేను, నేను ఆగినచోట ఆమె. ఆయన తిట్లు తింటూ తింటూనే మొహం వెలిగిపోయి, "చూసినారా హజ్రత్, ఎట్టా కలిసిపోయినారో! అది పని చేసినట్టేగా?" అన్నారు. హజ్రత్ తన చెప్పుల కోసం వెతుక్కుంటూ లేచారు.

ఇంటికి నడిచి వస్తుంటే అత్తమ్మ నా పక్కకి జరిగింది. గుమ్మం దగ్గరికి రాగానే, "నీకు ఆయతుల్ కుర్సీ వచ్చునా?" అని మెల్లిగా అడిగింది. వచ్చన్నాను. "నాకు సగమే వచ్చు. మా అమ్మ నేర్పతా నేర్పతా పోయింది," అంది. అన్నయ్యకి రావొద్దని ఫోన్ చేశాను. ఆ సాయంత్రం నుంచి రోజూ పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు కాగానే ఇద్దరం ఒకే చాపమీద కూర్చునేవాళ్లం. అత్తమ్మ బాగానే చదువుకుంటూ వచ్చేది గానీ, చివర్లో "వలా యఊదుహూ" దగ్గరికి రాగానే ఆగిపోయి నా మొహం చూసేది. ఒకరోజు అక్కడ అర్థమేంటని అడిగింది.

"భూమినీ ఆకాశాల్నీ, ఆ రెంటినీ కాచుకోవడం అల్లాకి బరువు కాదని."

"మరి మనిద్దర్నీ?" అంది.

"మనం మాత్రం కొంచెం బరువే అత్తమ్మా."

"తోబా, తోబా! అట్టనగూడదు," అని లెంపలేసుకుంటూనే, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆమె నోరారా నవ్వడం నేను చూసింది అప్పుడే. ఇన్ని నెలలు ఈ మొహంలో నేను ఏమేం వెతికానో తలుచుకుంటే సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

అత్తమ్మ పోయి నాలుగేళ్లవుతోంది. ఆయతుల్ కుర్సీ చదివేటప్పుడు ఆ మాట దగ్గర ఎవరికోసమో ఆగడం నాకిప్పటికీ అలవాటు. మా ఆయన పక్క గదిలోంచి, "ఏంది, మర్చిపోయినావా?" అంటారు. లేదని చెప్పి, మిగతాది చదువుకుంటాను.